మా గీజరే కరెంటంతా తాగేస్తోందా?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి ఇదీ.

ఆమె, భర్త, పదో తరగతి చదివే కూతురు ఆరేళ్ళుగా ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నారు. కింద ఓనరాంటీ వాళ్ళు. ఇంటి మొత్తానికి ఒకటే సర్వీసు, పైన సబ్‌మీటరు. యూనిట్‌కి 9 రూపాయల లెక్కన నెలనెలా ఇచ్చేస్తున్నారు. ఇన్నాళ్ళూ మాటామాటా వచ్చింది లేదు. కార్తీకంలో కింద బోరు మోటారుకి స్టార్టరు మార్చడానికి ఎలక్ట్రీషియన్ వస్తే, అతని చేతే వీళ్ళు బాత్రూంలో 15 లీటర్ల గీజరు పెట్టించుకున్నారు. నవంబరు 4న చూసినప్పుడు 118 యూనిట్లున్న వాడకం డిసెంబరు 13న చూసేసరికి 214 అయింది.

"గీజరు పెట్టారుగా, కరెంటు తాగదా మరి" అన్నారు ఆంటీ. ఎలక్ట్రీషియన్ని అడిగితే "మీకు లో వోల్టేజీ ఉంది మేడం, లో వోల్టేజీలో కరెంటు ఎక్కువ లాగుతుంది" అన్నాడు. ఆమె భర్తకేమో, కొత్త స్టార్టరు పెట్టినప్పుడు మోటారు వైరు తమ మీటరుకి కలిపేశారేమోనని అనుమానం.

కూతురు ఊరుకోలేదు. మేనమామ దగ్గర మల్టీమీటరు తెచ్చి, ఇంట్లో ఒక్కొక్కటీ కొలిచి, తెల్లకాగితం మీద లెక్కలు వేసి, లో వోల్టేజీలో గీజరు తక్కువే లాగుతుందని రాసి, కిందకి పట్టుకెళ్ళి ఆంటీకి ఇచ్చింది. ఆంటీ వాళ్ళబ్బాయి ఇంజినీరింగ్ చదివాడు. కాగితం చూసి "పూజగదిలో 60 వాట్ల బల్బు 840 వాట్లంట!" అని అందరి ముందూ నవ్వాడు. మన పాఠకురాలికి తల కొట్టేసినట్టయి, అక్కడే కూతుర్ని "రాని లెక్కలు నీకెందుకే" అని కసిరారు. మూడు వారాలుగా పిల్ల సరిగ్గా మాట్లాడటం లేదు, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోనంటోంది. భర్త ఇల్లు మారిపోదామంటున్నారు. ఎవరి లెక్క నిజం, డబ్బు కట్టేయాలా, గట్టిగా అడగాలా, ఇల్లు మారాలా అని ఆమె ప్రశ్న. చివర్లో ఒక్క వాక్యం: "అన్నట్టు, గీజరు వేస్తే ప్లగ్గు దగ్గర కాస్త కాలిన వాసన వస్తోంది, కొత్తది కదా అని ఊరుకున్నాం." కూతురు రాసిన కాగితాన్నీ, గీజరు ప్లగ్గునీ ఫొటోలు తీసి ఉత్తరంతో పాటు పంపారు.

*

అమ్మా, ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. ఈ జవాబు చదివేలోపు ఆ గీజరు ఎవరైనా వేసి ఉంటే ముందు వెళ్ళి ఆపండి. మిగతాది తర్వాత చదవచ్చు.

మీ అమ్మాయి కాగితంలో ఎవరూ పట్టించుకోని నాలుగు అంకెలున్నాయి. గీజరు ఆపి ఉన్నప్పుడు వంటింటి సాకెట్లో 226 వోల్టులు, బాత్రూం సాకెట్లోనూ 226. గీజరు వేశాక వంటింట్లో 222, బాత్రూంలో 214. పిల్ల రాసి వదిలేసింది, కింద వాళ్ళు బల్బు దగ్గరే ఆగిపోయారు. నాకైతే ఆ కాగితం మొత్తంలో ముఖ్యమైనవి ఇవే.

గీజరు వేస్తే స్తంభం దగ్గర్నుంచి వచ్చే వైర్లలో నాలుగు వోల్టులు తగ్గడం మామూలే, అది వంటింట్లో కనిపించింది. బాత్రూంలో మాత్రం పన్నెండు తగ్గాయి. అంటే ఎనిమిది వోల్టులు మీ మీటరు బోర్డుకీ ఆ ప్లగ్గుకీ మధ్యలోనే ఎక్కడో పోతున్నాయి. ఎంత కరెంటు వెళ్తుంటే పోతున్నాయి? గీజరు కాయిల్ నిరోధం 26.4 ఓమ్‌లని అమ్మాయే కొలిచింది. 214ని 26.4తో భాగిస్తే 8.1 ఆంపియర్లు. ఎనిమిది వోల్టుల్ని 8.1తో భాగిస్తే ఆ దారిలో ఉన్న నిరోధం తెలుస్తుంది, దాదాపు ఒక ఓమ్. అదే ఎనిమిదిని 8.1తో గుణిస్తే 65 వాట్లు. నీళ్ళకి వెళ్ళాల్సిన 65 వాట్ల వేడి దారిలో కాగిపోతోందన్నమాట.

గోడలో ఉన్నది మామూలు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరే అయి, దూరం పది మీటర్లుంటే, పోనూ రానూ కలిపి దాని నిరోధం పావు ఓమ్ కూడా ఉండదు. మిగతా ముప్పావు ఓమ్ ఎక్కడుంది? వాసన వచ్చే చోటే. ఫొటోలో చూశాను, గీజరు లావు పిన్నుల ప్లగ్గు చిన్న సాకెట్లో పట్టక మధ్యలో మల్టీప్లగ్ పెట్టారు. ఆ మల్టీప్లగ్ పిన్నులు సాకెట్లో లూజుగా ఉన్నాయి. చిటికెన వేలి గోరంత చోట దాదాపు 50 వాట్లు. రేడియోలు బాగుచేసేవాళ్ళు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లే ఉంటుంది. అలాంటివి రెండు మీ బాత్రూం గోడలో రోజూ నలభై నిమిషాలు కాలుతున్నాయి. కొత్త గీజరు వాసన కాదమ్మా అది, ప్లాస్టిక్ మాడుతున్న వాసన.

బిల్లు చూస్తే ఇది తెలియదు. 65 వాట్లు రోజుకి నలభై నిమిషాలంటే నెలంతా కలిపి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. డబ్బు కోసం చూసుకునేవాళ్ళకి ఇది ఎప్పటికీ దొరకదు. 5 యాంప్స్, 6 యాంప్స్ సాకెట్లు ఫోన్ చార్జర్‌కీ, టేబుల్ ఫ్యాన్‌కీ. గీజరుకి 16 యాంప్స్ పవర్ సాకెట్ కావాలి, మీటరు బోర్డు నుంచి విడిగా 2.5 గానీ 4 గానీ చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్చి), సరైన ఎర్తింగ్ ఉండాలి. అప్పటిదాకా స్టవ్ మీద నీళ్ళు కాచుకోండి. వాయిదా వేయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. మిగతావాటికి ఒకటికి రెండు దారులున్నాయి, ఎంచుకోవడం మీ ఇష్టం.

ఇప్పుడు తగువు దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో ఈ గొడవ సగం "కరెంటు" అనే మాట వల్ల వచ్చింది. మనకి అన్నీ కరెంటే. స్తంభం మీద ఉన్నదీ కరెంటే, పోయేదీ కరెంటే, బిల్లూ కరెంటే. ఆంటీ "కరెంటు తాగుతుంది" అన్నప్పుడు ఆవిడ మనసులో ఉన్నవి యూనిట్లు. ఎలక్ట్రీషియన్ "కరెంటు లాగుతుంది" అన్నప్పుడు అతను చెప్పేది ఆంపియర్లు. మీ అమ్మాయి పుస్తకంలో కరెంటు అంటే విద్యుత్ ప్రవాహం, అవీ ఆంపియర్లే, కానీ ఆమె చెబుతున్నది గీజరు గురించి. ఎలక్ట్రీషియన్ రోజంతా తిరిగేది మోటార్ల మధ్య. ముగ్గురూ ఒకే మాట వాడి మూడు సంగతులు చెప్పారు. విచిత్రమేమంటే ముగ్గురిదీ ఎంతో కొంత నిజమే.

గీజరులో ఉన్నది ఉత్త కాయిల్. దానికి తెలివితేటలు లేవు, ఎంత వోల్టేజీ ఇస్తే దానికి తగ్గ కరెంటే తీసుకుంటుంది. 230 వోల్టులుంటే 26.4తో భాగించి 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో గుణిస్తే 2000 వాట్లు, గీజరు మీద లేబుల్‌లో రాసి ఉండేది ఇదే. వోల్టేజీ 200కి పడిపోతే కరెంటు 7.6కి దిగుతుంది, సామర్థ్యం 1515 వాట్లకి పడుతుంది. వోల్టేజీ ఎనిమిదో వంతు తగ్గితే వేడి నాలుగో వంతు తగ్గింది చూశారా, వోల్టేజీ తగ్గినప్పుడు కరెంటు కూడా దాంతో పాటే తగ్గుతుంది కాబట్టి రెండు వైపులా దెబ్బ పడుతుంది. లో వోల్టేజీలో గీజరు తక్కువ లాగుతుందన్న మీ అమ్మాయి మాట అక్షరాలా నిజం.

మోటారు సంగతి వేరు. బోర్లో నీళ్ళు అంత లోతు నుంచే తోడాలి. వోల్టేజీ తగ్గిందని నీళ్ళ బరువు తగ్గదు కదా, తక్కువ వోల్టేజీతో అదే పని చేయడానికి అది కరెంటు ఎక్కువ లాక్కుంటుంది. లోపలి వైండింగ్‌లో వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎండాకాలం లో వోల్టేజీకి మోటార్లు కాలిపోవడం ఏ రైతునడిగినా చెబుతాడు. ఎలక్ట్రీషియన్ చెప్పింది ఆ అనుభవమే, గీజరుకి తగిలించడమే పొరపాటు.

ఇక యూనిట్లు. యూనిట్ అంటే వెయ్యి వాట్లు ఒక గంట నడవడం. పదిహేను లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 55 దాకా కాచడానికి అరయూనిట్ పైచిలుకు కావాలి, అంతే. వోల్టేజీ బాగుంటే పదహారు నిమిషాల్లో కాగుతాయి, 200 వోల్టులకి పడితే ఇరవై ఒక్క నిమిషాలు పడుతుంది. యూనిట్లు అవే. లో వోల్టేజీ మీ బిల్లు పెంచలేదు, తగ్గించనూ లేదు.

మరి 118 కాస్తా 214 ఎలా అయింది? ఇక్కడ మీరు నొచ్చుకోవద్దు. మీ అందరికీ కళ్ళ ముందే ఉండి కనిపించనిది రీడింగు తేదీ. అంతకు ముందు రీడింగు అక్టోబరు 5న తీశామని రాశారు. అక్కడి నుంచి నవంబరు 4కి ముప్పై రోజులు. నవంబరు 4 నుంచి డిసెంబరు 13కి ముప్పైతొమ్మిది. ఊరెళ్ళి రావడం వల్ల ఆలస్యమైందని మీరే ఒక మూల రాశారు. గీజరు లేకపోయినా పాత వాడకమే ముప్పైతొమ్మిది రోజులకి 153 అయ్యేది. గీజరు పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై నిమిషాలు. బాత్రూంలో నిజంగా వస్తున్న వోల్టేజీకి, దారిలో పోయేదాంతో కలిపి 1800 వాట్లనుకుంటే రోజుకి 1.2 యూనిట్లు, మొత్తం 47. కలిపితే 200. మీటరు చెప్పింది 214.

చలికి ఫ్యాన్లు ఆపారో లేదో మీరు రాయలేదు. ఆపకపోతే లెక్కకి అందనివి 14 యూనిట్లే. 75 వాట్ల పాత ఫ్యాను ఒకటి రోజుకి పదిగంటలు తిరగడం మానేసిందనుకుంటే, అక్కడ 29 తగ్గాలి కాబట్టి తేడా 43 అవుతుంది. డబ్బుల్లో 126 నుంచి 387 రూపాయల మధ్య. మీ ఉత్తరం చదువుతుంటే 96 యూనిట్ల అన్యాయం జరిగినట్టు అనిపించింది, కాగితం మీద పెడితే ఇంతకి వచ్చింది.

మీవారి అనుమానం కూడా దీంతోనే చూడొచ్చు. మోటారు ఒకటిన్నర హెచ్‌పీ, రోజుకి గంటన్నర వేస్తారన్నారు. అలాంటిది లైన్లోంచి సుమారు 1600 వాట్లు తీసుకుంటుంది. ముప్పైతొమ్మిది రోజులకి ఒక్క మోటారే 90 యూనిట్లు దాటాలి. మీ లెక్కలో అంత ఖాళీ లేదు. కాబట్టి మోటారు మీ మీటరు మీద నడుస్తోందని నేననుకోను. పిల్ల సాయంతో క్లాంప్ మీటరు (వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసేది) తెచ్చి చూద్దామనుకుంటే ఒక మాట: మోటారు దగ్గర వోల్టేజీని కరెంటుతో గుణించేసి ఇన్ని వాట్లు అనెయ్యకండి. కాయిల్ హీటర్‌కి అది సరిపోతుంది. మోటారుకి పవర్ ఫ్యాక్టర్ అని ఒకటుంటుంది, అసలు వాట్లు ఆ గుణకారం కన్నా తక్కువే ఉంటాయి. లేకపోతే మళ్ళీ ఆ అబ్బాయికి నవ్వడానికి ఇంకొకటి దొరుకుతుంది.

అనుమానం మనసులో ఉంచుకోవడం కన్నా తీర్చుకోవడం మంచిదనుకుంటే మీటర్లూ కాలిక్యులేటర్లూ అక్కర్లేని పద్ధతి ఉంది. సబ్‌మీటరు మీద ఒక ఎర్రలైటు మినుకుమినుకుమంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో అచ్చు వేసి ఉంటుంది, అన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్. మీ పోర్షన్‌లో ఎంసీబీలన్నీ దించేయండి. లైటు ఆగిపోవాలి. ఆగకపోతే మీ మీటరు తర్వాత మీది కానిదేదో కలిసి ఉంది. ఆగితే, అప్పుడు కింద మోటారు వేయమనండి. లైటు కదలకపోతే మోటారుకీ మీకూ సంబంధం లేదు. మోటారు మీ మీదే ఉంటే, 3200 మీటరులో సెకనుకి ఒకసారి కన్నా వేగంగా కొట్టుకుంటుంది, కనిపించకుండా పోదు. అయిదు నిమిషాల పని.

ఈ పరీక్ష ఎవరితో చేస్తారన్నదే అసలు చిక్కు. మీరూ మీవారూ చాటుగా చేసుకుంటే మనశ్శాంతి దక్కుతుంది, కానీ ఏదైనా తేలితే "మా వెనకాల చూశారా" అన్న మాట పడాల్సి వస్తుంది. ఆంటీని పిలిచి చేస్తే, ఏమీ తేలకపోయినా ఆవిడ ముందు మీరు అనుమానించినట్టు బయటపడతారు. నేనైతే ఆంటీని పిలిచే వైపే మొగ్గుతాను, కాకపోతే మోటారు పేరు ఎత్తను. కాలిన ప్లగ్గు చూపించి, "ఆంటీ, ఈ సాకెట్టు మాడిపోతోంది, ఇల్లు మీది, ఒకసారి మీరే చూడండి" అని పైకి పిలిస్తే, మాట మొదలవడానికి అంతకన్నా మంచి కారణం ఏముంటుంది? సొంత గోడ నల్లబడటం చూసిన ఇంటావిడకి యూనిట్ల పట్టుదల కొంత తగ్గుతుంది. అప్పుడే తేదీల లెక్క కూడా చెప్పండి. "మీరన్నది నిజమే ఆంటీ, గీజరుకి 47 యూనిట్లయ్యాయి" అని మీరే ముందు ఒప్పుకుంటే, ఆ తర్వాత "మిగతాది ఒకసారి మీటరు చూద్దామా" అన్నది తగువులా వినపడదు.

కొత్త వైరు, సాకెట్టు ఖర్చు ఎవరిదన్నది మీ ఇద్దరి మధ్య తేలాలి. గోడలో ఉండిపోయేది కాబట్టి ఓనర్లు పెట్టుకోవడం న్యాయం. కానీ గీజరు మీ అవసరం కోసం పెట్టారు, కాబట్టి సగం సగం అన్నా తప్పులేదు. ఆవిడ ససేమిరా అంటే మీరే పెట్టుకోండి, లేదా గీజరు తీసేయండి. పాత సాకెట్లో మాత్రం మళ్ళీ పెట్టొద్దు.

విడిగా మీ పోర్షన్‌కి సర్వీసు తీసుకోవడం ఇంకో దారి. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే స్లాబు పైకి వెళ్తుంది, అంటే ఎవరూ ఎవర్నీ మోసం చేయకుండానే యూనిట్ ధర ఇద్దరికీ ఎక్కువ పడుతుంది. వేరే సర్వీసైతే ఈ లెక్కల గొడవే ఉండదు. దానికి ఓనర్ల అంగీకారం, కాగితాలు కావాలి, అద్దెకున్నవాళ్ళకి విడి మీటరు ఇవ్వడానికి కొందరు జంకుతారు. మాటలు మళ్ళీ కలిశాక అడగాల్సిన సంగతి ఇది, ఇప్పుడు కాదు.

ఇల్లు మారడం మీ చేతిలోనే ఉంది. కానీ మార్చిలో పిల్లకి పదో తరగతి పరీక్షలు. 126 రూపాయలో 387 రూపాయలో తేడా కోసం సామాను సర్దితే, అడ్వాన్సూ ఆటో ట్రాలీ ఖర్చూ పక్కన పెట్టినా, ఇంత పని నా కాగితం వల్లే జరిగిందని పిల్ల అనుకుంటుంది. ఆరేళ్ళ ఇల్లు. మారాలనిపిస్తే ఏప్రిల్‌లో కూడా మారొచ్చు. ఏమీ అడగకుండా డబ్బు కట్టేసి ఊరుకోవడమూ ఒక దారే, ఈ నెలకి అది మరీ నష్టమేం కాదు. వచ్చే నెల నుంచి రీడింగు ఒకే తేదీన, ఇద్దరూ కలిసి చూసి, మీటరు ఫొటో తీసి పెట్టుకుంటే చాలు.

ఇక మీ అమ్మాయి. పూజగదిలో బల్బు తీసి కొలిస్తే 63 ఓమ్‌లు వచ్చింది. 230ని 230తో గుణించి 63తో భాగిస్తే 840 వాట్లు. కొలత తప్పు కాదు, సూత్రం తప్పు కాదు, భాగహారమూ తప్పు కాదు. బల్బులో ఉండే టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు ఒక నిరోధం, రెండువేల డిగ్రీలు దాటి వెలుగుతున్నప్పుడు ఇంకో నిరోధం చూపిస్తుంది. వెలిగేటప్పుడు అది సుమారు 880 ఓమ్‌లు, పద్నాలుగు రెట్లు. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ఆ బల్బు నిజంగానే మీ అమ్మాయి లెక్కకి దగ్గరగా లాగుతుంది, కన్ను మూసి తెరిచేలోపు వేడెక్కి 60కి వచ్చేస్తుంది. పాత బల్బులు స్విచ్చి వేయగానే టప్పుమని పోయేది అందుకే. గీజరు కాయిల్ నైక్రోమ్‌ది, వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు, అందుకే అక్కడ 2000 సరిగ్గా వచ్చింది. ఓమ్ నియమం చెప్పేటప్పుడు "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు" అని పుస్తకంలో ఒక ముక్క ఉంటుంది. మార్కులు పోతాయని అందరం బట్టీ పట్టాం. అది ఎందుకుందో బల్బు తీసి కొలిచి చూసిన పిల్లలు ఎంతమంది? నవ్విన ఆ ఇంజినీరింగ్ అబ్బాయి కూడా ఆ 840 ఎందుకొచ్చిందో చెప్పలేదు, గమనించారా?

ఒక్క విషయంలో మాత్రం ఆమెను మీరు కోప్పడొచ్చు. మల్టీప్లగ్ పక్క రంధ్రాల్లోకి, గీజరు నడుస్తుండగా, ప్రోబులు పెట్టి వోల్టేజీ చూసింది. బాత్రూంలో, బహుశా తడి కాళ్ళతో. అది పెద్దవాళ్ళు కూడా చేయకూడదు. ఓమ్‌లు కొలిచేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకి ఉండాలి. మీటరుని ఆంపియర్ల మీద పెట్టి సాకెట్లో అస్సలు పెట్టకూడదు, అలా పెడితే మీటరు ఉత్త వైరు ముక్క అయిపోతుంది. పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసే రోజుల్లో నేనే ఒకసారి ఆ పొరపాటు చేసి, అయిదడుగులు వెనక్కి దూకాను. ఆ మాట మేనమామ చేత చెప్పిస్తే ఇంకా మంచిది, మీటరు ఇచ్చింది ఆయనే కదా.

మీరు అందరి ముందూ కసిరారు. సారీ కూడా అందరి ముందూ చెప్పాలా అన్నది మీకే తెలియాలి. కొందరు పిల్లలకి అదే కావాలి, కొందరికి అది ఇంకో అవమానం. ఇంట్లో, ఆ కాగితం ముందు పెట్టుకుని, "226, 214 అంటే ఏమిటో నాకు చెప్పవా" అని అడిగి చూడండి. ప్లగ్గు సంగతి నేను చెప్పానని ముందే చెప్పకండి. ఎనిమిది వోల్టులు ఎక్కడికి పోయాయో తనే పట్టుకుంటుంది, ఆంటీ పైకి వచ్చినప్పుడు ఆ సాకెట్టు చూపించి చెప్పే పని తనకే వదిలేయండి.

కాగితం పారేయొద్దు. దాంట్లో కొట్టివేయాల్సిన అంకె ఒక్కటీ లేదు. 63 ఓమ్‌లు అని ఉన్నచోట పక్కన చిన్న అక్షరాలతో "చల్లగా ఉన్నప్పుడు" అని రాసుకోమనండి.